నీళ్ళు లేవని చెప్పే చదువు

మా ఇల్లు మాణికేశ్వర్ నగర్‌లో. నేను వంట చేసే ఇల్లు తార్నాకలో. మధ్యలో ఉన్నదంతా యూనివర్సిటీయే. పొద్దున క్యాంపస్ లోపలి దారిన నడిచి పనికి పోతాను, మధ్యాహ్నం అదే దారిన తిరిగొస్తాను. ఆటో ఉంది గానీ ఆ చెట్ల కింద నడవడం నాకిష్టం. ఎండాకాలంలో కూడా అక్కడ గాలి కొంచెం వేరుగా ఉంటుంది.

నేను చదవడం నేర్చుకున్నది నలభై దాటాక. హాస్టల్లో ఉండే ఆడపిల్లలు కొందరు సాయంత్రం పూట మా బస్తీ కమ్యూనిటీ హాలుకు వచ్చి మాకు అక్షరాలు చెప్పేవాళ్ళు. పుస్తకాలు చదవడం చాలా తర్వాత. ముందు చదివినవన్నీ బోర్డులే. చదువు కొత్తగా వచ్చిన మనిషికి కళ్ళు ఊరుకోవు. నూనె ప్యాకెట్టు, బస్సు నెత్తి మీద ఊరి పేరు, గోడ మీద 'ఇచ్చట మూత్రము పోయరాదు', ఏదీ వదల్లేదు. క్యాంపస్‌లో అయితే బిల్డింగుకో బోర్డు. చరిత్ర అన్నది తొందరగానే వచ్చింది. రసాయనం కూడా వచ్చింది. దారిలో ఒక బోర్డు దగ్గర మాత్రం చాలా రోజులు ఆగాను. అది భూగర్భ శాస్త్ర విభాగం.

అందులో ర కింద భ ఒత్తు ఉంటుంది. ఆ ఒత్తు నాకు అంతకుముందే తెలుసు. మా బస్తీ దవాఖానలో 'గర్భిణీ స్త్రీలు ఇటు' అని గోడ మీద రాసి ఉంటుంది, అక్కడ నేర్చుకున్నాను. అందుకని 'గర్భ' అన్నది గబుక్కున అందింది. ముందున్న 'భూ' ఏమిటో తెలియలేదు. పేర్లకు ముందు శ్రీ పెట్టినట్టు ఇది కూడా ఒక గౌరవం అనుకున్నాను. ఓహో, కాన్పులు చేసే చదువు ఇక్కడ చెప్తారన్నమాట అని నాకు నేనే నిర్ణయించుకున్నాను. మరి కడుపుతో ఉన్న ఆడవాళ్ళు ఒక్కరూ కనబడరేమి అని ఒకసారి అనుమానం వచ్చింది. ఇక్కడ పుస్తకాల్లో చెప్పి, చేసి చూపించేది పెద్ద దవాఖానలో కాబోలు అని సర్దుకున్నాను.

మా బిడ్డ ఇంటర్ బైపీసీ చదివింది. దాన్ని డాక్టర్ చదివించాలని నాకు ఆశ ఉండేది. ఆ పరీక్ష రాసింది, ర్యాంకు రాలేదు. రెండు రోజులు ముఖం వేలాడేసుకుని, మూడో రోజు మామూలుగా అన్నం తిన్నది. ఇక డిగ్రీయే. పోయిన ఏడాది ఎండాకాలంలో మా బస్తీలో ఎవరు ఎదురైనా ఒకటే మాట, మీ బిడ్డ ఏం గ్రూపు తీసుకుంటుంది అని. నేను కూరగాయలు తరుగుతుంటే బిడ్డ వచ్చి చెప్పింది.

"అమ్మా, నేను జియాలజీ ఉన్న గ్రూపు పెడ్తున్న."

"గదేంది?"

"తెలుగుల భూగర్భ శాస్త్రం అంటరు. క్యాంపస్‌ల బోర్డు చూస్తవు గదా రోజు."

నాకు కత్తిపీట మీద చెయ్యి ఆగిపోయింది. డాక్టర్ కాకపోతేనేం, దానికి దగ్గరి చదువే దొరికింది అనుకున్నాను.

"మంచి పని చేసినవ్ బిడ్డా. పుణ్యం గూడ."

"పుణ్యమా?" అని అది నావైపు చూసింది. "అయితే అయితది. ఎంతోమందికి పనికొస్తది."

"టైముకు అన్నం గూడ తిననియ్యరు. ఎప్పుడు పిలిస్తే అప్పుడు ఉరకాలె."

"అవునమ్మా, ఫీల్డ్ వర్క్ బాగ ఉంటది. గుట్టల్ల, అడవుల్ల గూడ."

అడవుల్లో ఉండే ఆడవాళ్ళకు కూడా కాన్పులు అవుతాయి కదా అని నేను తల ఊపాను. ఇంకో సందేహం అడిగేశాను.

"మొగపిల్లలు గూడ చదువుతరా ఇది?"

"మొగోళ్ళే ఎక్కువ. ఆడపిల్లలు ఈ మధ్యనే వస్తున్నరు."

"సిగ్గులేనోళ్ళు," అన్నాను. దానికి ఆ మాట అర్థం కాలేదు. నవ్వి లోపలికి పోయింది.

ఇది ఊరికే ఇంట్లో ఉండిపోయే మాట కాదు కదా. మా ఎదురింటి వదిన కోడలికి అప్పుడు ఆరో నెల. ఆమెకు చెప్పాను. "అయితే నా కోడలికి రెండో కాన్పు నీ బిడ్డనే చెయ్యాలె," అన్నది. "కడుపు కొయ్యకుంట చెయ్యాలె మరి, ఇప్పుడే చెప్తున్న." తప్పకుండా అన్నాను. మా ఆయనకు చెప్పాను. మా ఆయన నీళ్ళ ట్యాంకర్ నడుపుతాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆ సాయంత్రం వచ్చేటప్పుడు మాత్రం మిర్చి బజ్జీలు తెచ్చాడు, పొట్లం బిడ్డ చేతిలో పెట్టి, "తిను డాక్టరమ్మా," అన్నాడు. నాయిన తనను ఆటపట్టిస్తున్నాడని అది అనుకున్నది. అట్లా ఒక వారం మేము ముగ్గురం మూడు రకాల సంతోషంలో ఉన్నాం.

నేను పని చేసే ఇల్లు తార్నాకలో ఒక అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు. మేడం, సారు ఇద్దరే ఉంటారు. కోస్తా వాళ్ళు, ఇక్కడికి వచ్చి చాలా ఏళ్ళయింది. మేడం స్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు. నేను పప్పు తాలింపు వేస్తూ ఆ సంగతి చెప్పాను. ఆమె కళ్ళజోడు పైకి జరుపుకున్నారు.

"జియాలజీనా? బానే ఉంటుందమ్మా. చేస్తుందా ఆ పని?"

"చేస్తది మేడం. చిన్నప్పటి సంది పసిపిల్లలంటే దానికి పానం."

"పసిపిల్లలేంటి?"

చెప్పాను. గర్భ అనీ, దవాఖాన గోడ అనీ, ముందున్న భూ గౌరవం అనీ. ఆమె నవ్వలేదు మొదట. తాలింపు మాడుతోంది స్టవ్ తగ్గించు అన్నారు. తర్వాత కుర్చీలో కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేటట్టు నవ్వారు. ఎగతాళి నవ్వు కాదు. నన్ను కూడా కూర్చోమని కుర్చీ చూపించారు.

"భూ అంటే భూమేనమ్మా. భూమి కడుపు. లోపల ఉండేవి. రాళ్ళు, ఖనిజాలు, నీళ్ళు. నువ్వు చదివింది సగం కరెక్టే."

"రాళ్ళా?"

"రాళ్ళే."

"రాళ్ళు చదివితే కొలువు ఏమొస్తది మేడం?"

గనులు అన్నారు, గవర్నమెంటులో నీళ్ళ డిపార్ట్‌మెంట్ ఒకటి ఉంటుంది అన్నారు. వాళ్ళ చుట్టాల్లో ఎవరూ అది చదవలేదట. "కంప్యూటర్లయితే అందరూ చదువుతున్నారు, తేలిగ్గా చెప్పగలను," అన్నారు.

ఇంటికి నడిచి వస్తూ ఆ బోర్డు ముందు మళ్ళీ ఆగాను. కాంపౌండు పక్కన గోధుమ రంగు రాతి గుండ్లు ఏనుగు పిల్లల్లాగా పడి ఉంటాయి. అప్పుడు గుర్తొచ్చింది. మా బిడ్డ చిన్నగా ఉన్నప్పుడు దాన్ని వెంటబెట్టుకుని పనికి పోయేదాన్ని. ఒకరోజు ఇక్కడే కాలేజీ పిల్లలు కొందరు చిన్న సుత్తెలతో రాళ్ళు కొడుతుంటే ఇది అక్కడే నిలబడిపోయింది, రమ్మంటే రాదు. ఒక అమ్మాయి దాన్ని పిలిచి, ఒక రాతి ముక్క చేతికిచ్చి, బటను అంత అద్దంలోంచి చూపించింది. "అమ్మా, దీంట్ల నల్ల మెరుపులున్నయ్," అని అది దారి పొడుగునా చెప్తూనే ఉంది. నేను పనికి ఆలస్యమవుతుందని చెయ్యి పట్టి గుంజుకుపోయాను. ఆ మెరుపులు దాని లోపల అట్లాగే ఉండిపోయినట్టున్నాయి.

ఇంట్లో చెప్పక తప్పలేదు. అన్నం తినేటప్పుడు బిడ్డతోనే చెప్పించాను. అది నాకంటే బాగా చెప్పింది. రాళ్ళు ఎట్లా పుడతాయో, బొగ్గు ఎక్కడుంటుందో అది చెప్తుంటే వాళ్ళ నాయిన వింటూ తింటున్నాడు. కాన్పుల సంగతి పోయినందుకు ఆయనకు నవ్వే వచ్చింది, నావైపు చూసి, "చదువుకున్నదానివని నమ్మిన," అన్నాడు. అప్పుడు బిడ్డ అన్నది, "నీళ్ళు గూడ నాయినా. భూమిల నీళ్ళు యాడున్నయో చూసి, బోరు యాడ వెయ్యాలెనో చెప్తరు."

ఆయన ముద్ద పళ్ళెంలోనే వదిలేశాడు.

"బోరు పాయింట్లా?"

"అవ్."

"కొబ్బరికాయ పట్టుకొని తిరగనీకి నా బిడ్డకు డిగ్రీ ఎందుకు?"

ఇది తెలియని వాళ్ళకు చెప్పాలి. మా ఊళ్ళల్లో బోరు వేసే ముందు పాయింటు పెట్టేటాయన్ని పిలుస్తారు. ఆయన అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని పొలమంతా నడుస్తాడు. నీళ్ళున్న చోట కొబ్బరికాయ తనంతట తాను లేచి నిటారుగా నిలబడుతుందని నమ్మకం. మాకు ఊళ్ళో వాన మీదే పండే చెలక కొంచెం ఉండేది. అందులో కొబ్బరికాయ నిలబడిన ప్రతిచోటా మా ఆయన బోరు వేశాడు. ఎందులోనూ నీళ్ళు రాలేదు, తెల్లటి దుమ్ము వచ్చింది. ఆ దుమ్ము మా తలల మీద, పశువుల మీద పడింది. తర్వాత మేము పట్నం వచ్చాం. ఆయన ఇప్పుడు ఊళ్ళో వాళ్ళను తిట్టడు, దేవుణ్ణి తిట్టడు. పాయింట్ పెట్టేటాయన్ని మాత్రం తలుచుకుంటే తిడతాడు.

"కంప్యూటర్ల బీకాం పెట్టు," అన్నాడు బిడ్డతో. "మా ట్యాంకర్ ఓనర్ ఆఫీసుల ఒక పిల్ల ఉన్నది. ఫ్యాన్ కింద కూసుంటది, ఫోన్ ఎత్తుతది, ఎంట్రీ కొడ్తది. చెమట పట్టది. గట్ల ఉండాలె నువ్వు."

"నాకు ఎంట్రీలు కొట్టుడు వద్దు నాయినా."

"మరి ఎండల తిరుగుతవా?"

"టోపీ పెట్టుకుంట."

ఆయన కోప్పడలేదు. కోప్పడితే మాకు తేలికయ్యేది. చెయ్యి కడుక్కుని వెళ్ళి మంచం మీద కూర్చున్నాడు.

డిగ్రీ సీటుకు ఇప్పుడు కాలేజీల చుట్టూ తిరిగే పని లేదు. కంప్యూటర్లో మనకు కావలసిన కాలేజీలు, గ్రూపులు ఒకదాని కింద ఒకటి పెట్టాలి. ఏది మొదట పెడితే అది ముందు చూస్తారు. చివరికి ఫోన్‌కు ఓటీపీ వస్తుంది, అది కొడితేనే మనం పెట్టిన వరుసకు తాళం పడుతుంది. మా ఇంట్లో ఏ కాగితానికైనా ఇచ్చింది మా ఆయన నంబరే. కాబట్టి ఓటీపీ ఆయన ఫోన్‌కే వస్తుంది. ఆయన వద్దు అని ఒక్కసారి కూడా అనలేదు. నేనూ బిడ్డా తార్నాకలో నెట్ సెంటర్‌కు పోయి కూర్చుని ఫోన్ చేస్తే మాత్రం ఎప్పుడూ ఏదో ఒకటి. ఒకసారి, "ట్యాంకర్ కింద పండుకొని ఉన్న, గ్రీజు చేతులు," అన్నాడు. ఇంకోసారి ఫోన్ స్విచ్ఛాఫ్. నెట్ సెంటర్ అతను, "ఓటీపీ లేకుంటే నేనేం జెయ్యాలె అక్కా, పోయి మీ సార్‌ను పట్టుకరా," అన్నాడు. పట్టుకొస్తే వచ్చే మనిషైతే సంగతి ఇంతదాకా ఎందుకు వస్తుంది.

ఈ లోపల ఎదురింటి వదినకు సంగతి తెలిసిపోయింది. గడపలో కూర్చుని కోడలి తలకు నూనె రాస్తూ, "ఏం వదినా, మీ డాక్టరమ్మ గుండ్లకు కాన్పులు చేస్తదట గదా," అన్నది. కోడలు నోరు మూసుకుని నవ్వింది. నేను కూడా నవ్వాను, ఇంకేం చేస్తాను. "పెద్ద గుండు అయితే కడుపు కోస్తది," అన్నాను. కానీ లోపల భయం ఉండేది. మా బిడ్డకు ఉన్నది ఒక్క డిగ్రీ. రెండోసారి చదివించే తాహతు మాకు లేదు. ఆ పిల్ల ఇష్టపడ్డది రాళ్ళను, తండ్రి అడుగుతున్నది నీడను. ఎవరి మాట సరైనదో తేల్చి చెప్పడం నాకు చేతకాలేదు. గడువు ఇంక రెండు రోజులుందనగా మేడం నాకు ఒక మాట చెప్పారు.

ఆ ఎండాకాలం వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో బోరు ఎండిపోయింది. రోజూ ట్యాంకర్లే. ఆ ట్యాంకర్ బేరం మా ఆయనకు నేనే మాట్లాడిపెట్టాను. సారు అపార్ట్‌మెంట్ సెక్రటరీ, కాబట్టి కొత్త బోరు వేయించే బాధ్యత ఆయన మీద పడింది. కొందరు పట్టుబట్టి కొబ్బరికాయ మనిషిని పిలిపించారు. ఆయన వచ్చి గేటు పక్కన పాయింటు పెట్టి, అక్కడ సున్నంతో గుండ్రంగా గీసి, పసుపు కుంకుమ వేసి పోయాడు. సారుకు నమ్మకం కుదరలేదు. "రేపు జియాలజిస్టు ఒకావిడ వస్తోంది, మిషనుతో చూస్తుందట," అని మేడం చెప్పారు. "మీ అమ్మాయిని తీసుకురా. ఆ చదువు చదివితే ఏం పని చేయాలో కళ్ళతో చూస్తుంది. నీకు కూడా తెలుస్తుంది."

తెల్లారి బిడ్డను వెంటబెట్టుకుని పోయాను. వచ్చినావిడకు ముప్పై దాటి ఉండవు. కాళ్ళకు బూట్లు, నెత్తిన టోపీ, చున్నీ నడుముకు గట్టిగా కట్టుకుంది. వెంట ఒక సహాయకుడు. ఇనుప కడ్డీలు వరుసగా భూమిలోకి దిగగొట్టించింది, వాటికి తీగలు తగిలించింది, మధ్యలో ఒక డబ్బా పెట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని అంకెలు చూసింది. కడ్డీలు కొంచెం దూరం జరిపి మళ్ళీ కొట్టించింది. మా బిడ్డ మొదట నా పక్కన నిలబడింది. కాసేపటికి చూస్తే అది తీగ చుట్ట పట్టుకుని ఆవిడ వెనక నడుస్తోంది. ఎవరు రమ్మన్నారో నేను చూడలేదు.

సరిగ్గా అప్పుడే మా ఆయన ట్యాంకర్ గేటులోకి వచ్చింది. ఆయన దిగి, బిడ్డను చూసి, పైపు లాగి సంపులో వేశాడు. నీళ్ళు పడుతున్నంతసేపూ పైపు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. చూపు మాత్రం వీళ్ళ మీదే.

ఆవిడ సున్నం గీసిన చోట కూడా చూసింది. వెనక వైపు, పార్కింగులో, చెట్టు కింద, కడ్డీ దిగిన ప్రతిచోటా చూసింది. చివరికి లేచి, మోకాళ్ళ మట్టి దులుపుకుని సారు దగ్గరకు వచ్చింది.

"ఇక్కడ బోరు వేయొద్దు సార్. నీళ్ళు లేవు."

"ఎక్కడా లేవా?"

"లేవు. మీద మట్టి ఉంది కొంచెం, దాని కింద ఒకటే బండ. ఆ బండకు పగులు ఉంటే నీళ్ళు ఉండేవి. నాకు పగులు కనబడలేదు."

అక్కడ చేరిన వాళ్ళకు అది రుచించలేదు. పై అంతస్తు ఆయన ముందుకు వచ్చాడు. "పాయింట్ చూపించమని పిలిచాం కదండీ మిమ్మల్ని. ఏదో ఒకటి చెప్పండి, వేసి చూస్తాం."

"ఏదో ఒకటి చెప్పడానికైతే నేను అక్కర్లేదు కదా సార్," అన్నది ఆవిడ. గొంతు పెంచలేదు. "వాన నీళ్ళు ఇంకే గుంత ఒకటి తవ్వించుకోండి. పాత బోరు పక్కన. ఒకటి రెండు వానాకాలాలు పోతే అందులోనే కొంచెం ఊరొచ్చు. అది కూడా గ్యారంటీ ఇవ్వను."

ఆయన గొణుక్కుంటూ పోయాడు. అప్పుడు మా ఆయన పైపు కింద పెట్టి దగ్గరకు వచ్చాడు. పెద్దవాళ్ళు మాట్లాడుకునే చోటికి ఆయన ఎప్పుడూ రాడు.

"మేడం, గీడ కొబ్బరికాయ నిలబడ్డదంట గదా."

"నిలబడుతుంది అన్నా. అది ఎక్కడైనా నిలబడుతుంది."

"నీళ్ళు లేకున్నా?"

"లేకున్నా. చెయ్యి కొంచెం అటూ ఇటూ అయితే చాలు."

ఆయన కాసేపు ఆ సున్నం గీత వైపు చూశాడు. "మరి లేవని చెప్తే మీకు నష్టం గదా. మళ్ళ ఎవరు పిలుస్తరు?"

"పిలవరు కొంతమంది," అని ఆవిడ నవ్వింది. "ఉన్నాయని చెప్తే మాత్రం వాళ్ళు దుమ్ము తింటారు కదా."

దుమ్ము అన్న మాట వినగానే మా ఆయన ముఖం ఎట్లా అయిందో నాకు తెలుసు. మిగతా వాళ్ళకు తెలియదు. ఆయన తల ఊపి, వెళ్ళి సంపులోంచి పైపు తీసి చుట్టుకున్నాడు.

ఆవిడ తీగలు సర్దుకుంటుంటే నేను పోయి అడగవలసింది అడిగేశాను. "మేడం, ఈ చదువు చదివితే కొలువు దొరుకుతదా?"

ఆవిడ మా బిడ్డ వైపు చూసి, తర్వాత నా వైపు చూసింది. "దొరుకుతుందని నేను చెప్పలేనమ్మా. డిగ్రీతో ఆగితే కష్టం, పైన ఇంకో రెండేళ్ళు చదవాలి. గవర్నమెంటు పోస్టులు ఎప్పుడో ఒకసారి పడతాయి. గనుల్లో ఆడవాళ్ళను ఇదివరకు లోపలికి పోనిచ్చేవాళ్ళు కాదు, ఇప్పుడు పోనిస్తున్నారు. నేను మూడేళ్ళు ఖాళీగా ఉన్నాను. తర్వాత ఈ పని దొరికింది. నాకైతే సరిపోతోంది."

"కంప్యూటర్లయితే?"

"మా తమ్ముడు అదే చదివాడు. వాడు కూడా రెండేళ్ళు ఖాళీగానే ఉన్నాడు."

ఆమె ధైర్యం చెప్పలేదు, భయపెట్టనూ లేదు. ఎందుకో గానీ నా భయం చాలా వరకు అక్కడే తగ్గింది. బిడ్డ చేతిలో తీగ చుట్ట తీసుకుని, "బాగా చుట్టావు, చిక్కు పడలేదు," అని చెప్పి ఆవిడ బండెక్కి పోయింది. ఇంటికి వచ్చేదాకా మా బిడ్డ ఆ ఒక్క మాటే తలుచుకుని మురిసిపోయింది.

ఆ సాయంత్రం మా ఆయన తొందరగా వచ్చాడు. చాయ్ ఇచ్చాను. గ్లాసు చేతిలో పట్టుకుని తిప్పుతూ కూర్చున్నాడు. బిడ్డ పక్కింటికి పోయి ఉంది.

"ఏమే, మనకు గట్ల ఒక్కడన్న చెప్పిండా?"

"ఎట్ల?"

"నీళ్ళు లేవు, వెయ్యకు అని. వచ్చినోడల్లా ఉన్నయనే చెప్పె. ఎవ్వడన్న వద్దంటే నేను ఆగెటోన్నేనా అని ఆలోచన చేస్తున్న పొద్దటి సంది."

"ఆగెటోనివా?"

"ఒక ఆడపిల్ల గంత గట్టిగ చెప్తే ఆగుదునేమో," అన్నాడు. తర్వాత చాయ్ ఒక్క గుక్కలో తాగేసి, "లేదు అని చెప్పనీకి చదువు గావాలెనే. ఉన్నది అని ఎవడైనా చెప్తడు," అన్నాడు.

బిడ్డ సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆయన్ని తొందరపెడితే వెనక్కి పోతాడని నాకు తెలుసు.

మర్నాడే ఆఖరు రోజు. నెట్ సెంటర్‌లో జనం కిటకిటలాడుతున్నారు. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం అయింది. మొదటి దాంట్లో బిడ్డ జియాలజీ పెట్టించింది. బీకాం కంప్యూటర్స్ రెండోది. ఎందుకైనా మంచిదని నేనే పెట్టమన్నాను, బిడ్డ ఒప్పుకుంది. తాళం నొక్కితే ఓటీపీ పోయింది. ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. నెట్ సెంటర్ అతను నా వైపు చూశాడు. మళ్ళీ చేశాను. ఈసారి ఎత్తాడు. వెనక నీళ్ళ మోటార్ల చప్పుడు.

"రామంతాపూర్‌ల ఉన్న. ట్యాంకర్ నింపుతున్నరు. ఏంది?"

"ఓటీపీ వచ్చింది చూడు."

"మొదటిది ఏం పెట్టిన్రు?"

అబద్ధం చెప్పే ఆలోచన నాకు రాలేదు. "రాళ్ళే," అన్నాను.

మోటారు చప్పుడు వినపడుతోంది. ఎవరో ఆయన్ని పక్కకు జరగమంటున్నారు. బిడ్డ నా చెయ్యి పట్టుకుంది. నెట్ సెంటర్ అతను, అక్కా టైమ్ అయిపోతది అన్నాడు.

"రెండోది?"

"నువ్వు చెప్పిందే. కంప్యూటర్లు."

"సరే," అన్నాడు. తర్వాత ఒక్కొక్క అంకె చెప్పడం మొదలుపెట్టాడు. ఆయనకు అక్షరాలు రావు, అంకెలు వస్తాయి. ట్రిప్పులకు వెళ్ళే మనిషికి ఇంటి నంబర్లు రాకపోతే కుదరదు. మధ్యలో ఒకసారి ఆగి, "ఆఖరుది ఆరా, సున్నానా, ఎండకు కనబడ్తలేదు, ఉండు," అన్నాడు. నీడకు పోయినట్టున్నాడు. ఆరు అన్నాడు. ఆరు కొట్టారు. తాళం పడింది.

"పడ్డదా?" అన్నాడు.

"పడ్డది."

"బిడ్డకియ్యి ఫోను."

ఇచ్చాను. తండ్రీ బిడ్డలు ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. అది "ఊ", "ఊ", "సరే నాయినా" అన్నది. పెట్టేశాక అడిగితే, "టోపీ మంచిది కొనుక్కో, చీప్‌ది వద్దు అన్నడు," అని చెప్పింది. బయటకు వచ్చి ఇద్దరం చెరకు రసం తాగాం.

సీటు మొదటిదే వచ్చింది. ఇప్పుడు అది రెండో సంవత్సరం. కొలువు సంగతి ఇంకా ఎవరికీ తెలియదు, అడిగేవాళ్ళు అడుగుతూనే ఉంటారు. చూస్తున్నం అంటాను. సారు వాళ్ళు బోరు వేయించలేదు, గుంత తవ్వించారు. అది నిండుతుందో లేదో గానీ ట్యాంకర్ మాత్రం పోతూనే ఉంది. మేడం నన్ను ఆటపట్టిస్తారు, "ఆవిడ లేవని చెప్పడం మీ ఆయనకే కలిసొచ్చింది," అని.

మా ఇంట్లో కిటికీ మీద, అల్మరా మీద, మంచం కింద రాళ్ళే. ఊడుస్తుంటే చీపురుకు తగులుతాయి. ప్రతి రాయికీ బిడ్డ చిన్న చీటీ అంటించింది, పేరు తెలుగులో కూడా రాయమని నేను అడిగాను, రాసింది. పని లేనప్పుడు అవి చదువుతాను.

మొన్న ఆదివారం పొద్దున మేము అన్నానికి కూర్చున్నాం. ఆయన గోల్నాక దిక్కు ట్రిప్పు పోయి ఉన్నాడు. బిడ్డ ఫోన్ మోగింది. స్పీకర్‌లో పెట్టింది, అట్లా నాకూ వినపడింది.

"బిడ్డా, గీడ ఏదో బిల్డింగుకు పునాది తవ్వుతున్నరు. లోపల రాయి గులాబీ రంగున్నది, మధ్యల తెల్ల గీత. నేనెన్నడు చూడలే. మట్టి కప్పేస్తరంట మధ్యాహ్నం వరకు. వస్తవా?"

అది పళ్ళెం పక్కకు జరిపి లేచింది. చెయ్యి కడుక్కుంటూనే, "గీత ఎంత వెడల్పున్నది నాయినా?" అని అడుగుతోంది.

"ఉండు, కొలుస్త," అన్నాడు ఆయన.